చావింట్లో మిషనరీ

పాల్ హీబర్ట్ 1982లో రాసిన వ్యాసం ఒకటి ఈ మధ్య మళ్లీ చదివాను. మిషన్ పనిలో ఉన్నవాళ్లకు దాన్ని పరిచయం చేయక్కర్లేదు. శంషాబాద్‌లో మిషనరీ దంపతులకు పుట్టి, పాలమూరు వైపు తానూ మిషనరీగా పనిచేసి, తర్వాత మానవశాస్త్రంలోకి వెళ్లినాయన. పడమటి మిషనరీ బుర్రలో రెండే అంతస్తులుంటాయంటాడు. పైన దేవుడు, పరలోకం. కింద సైన్సు, మందులు. దయ్యాలు, దిష్టి, చేతబడి, శకునాలు ఉండే మధ్య అంతస్తు అసలు కట్టనే లేదు. ఊళ్లో జనం అడిగేవేమో అన్నీ ఆ మధ్య అంతస్తు ప్రశ్నలే. జవాబు దొరక్క ఆదివారం చర్చికి వస్తారు, కష్టమొస్తే చీకటి పడ్డాక మంత్రగాడి గుమ్మం తొక్కుతారు.

జబ్బును ఆయన సరిగ్గానే పట్టాడు. నా పేచీ తర్వాతివాళ్లు వాడిన మందుతో. ఆ ఖాళీ అంతస్తును చాలామంది యుద్ధంతో నింపారు. మంత్రగాడి శక్తి కన్నా మా ప్రభువు శక్తి పెద్దదని ఊరి నడుమ నిలబడి నిరూపించడమే సువార్త పని అన్నారు. క్రైస్తవం కూడా ఇంకో రకం మంత్రవిద్యగా మారిపోయే ప్రమాదం ఉందని హీబర్టే హెచ్చరించాడు. ఆ హెచ్చరికను ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

ఇది సెమినరీ చర్చగా మిగిలిపోతే నాకు ఇంత రాయాలనిపించేది కాదు. కానీ ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పాపువా న్యూ గినీ దేశపు కొండ ప్రాంతాల్లో ఈ చర్చకు ప్రాణాల లెక్క ఉంది. అక్కడ జనాభా లెక్కల్లో 95 శాతానికి పైగా క్రైస్తవులమనే రాయించుకుంటారు. లూథరన్లు, కాథలిక్కులు, అడ్వెంటిస్టులు, పెంతెకొస్తువాళ్లు, అందరూ ఉన్నారు. మన వైపు నుంచి వెళ్లిన ఫాదర్లూ సిస్టర్లూ ఉన్నారు. అయినా 2013 ఫిబ్రవరిలో మౌంట్ హాగెన్ పట్టణంలో, పట్టపగలు, వందల మంది చూస్తుండగా 20 ఏళ్ల తల్లిని మంత్రగత్తె అని తగలబెట్టారు. చూస్తున్నవాళ్లలో బాప్తిస్మం పొందనివాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? సువార్త అందకపోవడం వల్ల జరిగిన ఘోరం కాదది. అందినచోటే జరిగింది.

చేతబడి అంటే భయపడే జనం మధ్య మిషనరీ చేయాల్సిన పని గురించి నా అభిప్రాయం ఇదీ. చేతబడి ఉందా లేదా అనే వాదనలోకి దిగితే ఏ పక్షాన దిగినా నష్టమే. అతని పని ఒక చావుకూ దాని సమాధికీ మధ్యనున్న కొద్ది రోజుల్లో ఉంటుంది. ఆ రోజుల్లో ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా రాకుండా చూడటం అతని పని. మిగతా బోధంతా దాని తర్వాతే.

గాదె, గోపురం

ఆఫ్రికాలో అజాండే ప్రజల మధ్య గడిపిన ఇవాన్స్-ప్రిచర్డ్ చెప్పిన గాదె ఉదాహరణ మానవశాస్త్రం చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. గాదె కింద నీడలో కొందరు కూర్చున్నారు. గాదె కూలి మీద పడింది. గుంజలకు చెదలు పట్టాయని అజాండేలకు తెలుసు, ఆ సంగతి మనం చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ మనుషులు కూర్చున్నప్పుడే ఎందుకు కూలిందన్నదే వాళ్ల ప్రశ్న. చెదపురుగుల గురించి ఎంత చెప్పినా దానికి జవాబు కాదు.

లూకా 13లో ఇదే సంఘటన ఇంకో రూపంలో ఉంది. సిలోయము గోపురం పడి 18 మంది చచ్చారు. యెరూషలేములో ఉన్న అందరికన్నా వాళ్లు ఎక్కువ పాపులనుకుంటున్నారా అని అడిగి, కాదు అంటాడు యేసు. గోపురాన్ని ఎవరు కూల్చారో చెప్పడు. చచ్చినవాళ్లలోనూ తప్పు వెతకడు, బతికినవాళ్లలోనూ దోషిని వెతకడు. పుట్టుగుడ్డివాడి విషయంలోనూ అంతే, ఇతని పాపమా తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదన్నాడు. చేతబడి మీద ప్రసంగం చేయాల్సి వస్తే ఎఫెసీ పత్రికలోని సర్వాంగ కవచం మీద చేస్తారు అందరూ. ఈ రెండు చోట్ల మీద చేసేవాళ్లు తక్కువ. కవచం గురించి మాట్లాడగానే వినేవాడి మనసు శత్రువు కోసం చుట్టూ చూస్తుంది. శత్రువు పక్కింట్లోనే దొరుకుతుంది.

మంత్రగత్తెను బతకనివ్వకూడదనే నిర్గమకాండం 22:18 సంగతి కూడా తప్పించుకోకూడదు. నింద వేసేవాళ్లకు ఆ వచనం నోటికి వచ్చు. మిషనరీ దాన్ని దాటవేస్తే వాళ్లే చదువుతారు. మామూలు రోజుల్లో, ఎవరూ చావని వారాల్లో, ఆ వచనాన్ని తీసి దాని పక్కన ద్వితీయోపదేశకాండంలో ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా ఎవరినీ చంపకూడదన్న నియమం పెట్టి బోధించాలి. శవం ఇంట్లో ఉండగా మొదలుపెడితే ఎవరూ వినరు.

నింద ఎలా పుడుతుంది

కొండ ప్రాంతాల్లో ఇది జరిగే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ క్రమం తెలియకపోతే ఎక్కడ అడ్డుపడాలో తెలియదు. ముసలివాళ్లు పోతే సాధారణంగా గొడవ ఉండదు. చదువుకున్న కుర్రాడో, జీతం తెచ్చేవాడో, వంశంలో పెద్ద తలకాయో హఠాత్తుగా పోతే ప్రమాదం. హౌస్ క్రై అనే ఏడుపు పందిరి వేస్తారు. దూరాల నుంచి బంధువులు దిగుతారు. పట్టణం నుంచి వచ్చే కుర్రాళ్లు అందరికన్నా కోపంగా ఉంటారు. బతికుండగా చూడటానికి రాలేకపోయామన్న గిల్ట్ కూడా అందులో ఉంటుంది. రాత్రిపూట తాగుడు. రెండో రోజుకో మూడో రోజుకో గ్లాస్‌మన్‌ను, అంటే అంజనం వేసి చెప్పేవాడిలాంటి మనిషిని, డబ్బో పందినో ఇచ్చి పిలిపిస్తారు. అతను చెప్పే పేరు గాల్లోంచి రాదు. పందిరి కింద అప్పటికే గుసగుసగా తిరుగుతున్న పేరునే పైకి అంటాడు.

ఆ పేరు ఎక్కువసార్లు ఒక ఆడమనిషిది. అందులోనూ వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చి, భర్త పోయి, అన్నదమ్ములు దగ్గర్లో లేని మనిషిది. పట్టుకుని, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టి ఒప్పించే ప్రయత్నం చేస్తారు. చచ్చినవాడి గుండె తిన్నావు, ఎక్కడ దాచావు అని. రోగి ఇంకా బతికే ఉంటే గుండె తిరిగి పెట్టమంటారు, అంటే హింస చావుకు ముందే మొదలవుతుంది. నొప్పి భరించలేక ఒప్పుకుంటుంది. తోడు ఎవరని అడుగుతారు. ఇంకో పేరు చెబుతుంది. ఒక్క చావుకు నలుగురైదుగురు బలి అయ్యేది ఇలాగే.

ఇది అనాది ఆచారమని అనుకోవడం తేలిక, పైగా అందరికీ సౌకర్యం. ఎంగా ప్రాంతంలో ఆడవాళ్లు గుండె తింటారన్న ఈ రకం నింద ఇటీవలి దశాబ్దాల్లో బయటి నుంచి వచ్చిందని అక్కడ పరిశోధన చేసినవాళ్లూ చర్చి పనివాళ్లూ చెబుతున్నారు. తాతల నాటి భయాలు వేరు, ఈ హింస వేరు. రోడ్లతో, ఫోన్లతో పాటు ఇదీ ప్రయాణం చేసింది.

పందిరి కింద చేయాల్సినవి

కబురు అందిన మొదటి పూటే వెళ్లాలి. సమాధి ప్రార్థనకు మాత్రమే వెళ్లే మిషనరీకి అప్పటికే నిర్ణయమైపోయిన పేరు ఎదురవుతుంది. ఊరందరిలాగే బియ్యమో, పంచదారో, టీ పొడో, చేపల డబ్బాలో పట్టుకెళ్లి కూర్చోవాలి. పగలు గంట కూర్చుని రావడం మర్యాద. రాత్రి ఉండిపోవడం పని. కనీసం ఇద్దరు ముగ్గురు సంఘ పెద్దలు వంతులవారీగా రాత్రంతా ఉంటే అర్ధరాత్రి రహస్య సమావేశాలు కుదరవు. పాటలు పాడినా పాడకపోయినా మనుషులు మెలకువగా ఉండటం ముఖ్యం.

చావుకు కారణం ఏమిటో మొదటి రోజే, కుటుంబం ఒప్పుకుంటే, ఆరోగ్య కార్యకర్త నోటితో చెప్పించాలి. చెప్పేది పది మంది నడుమ మైకులో కాదు. చచ్చినవాడి అన్నకూ, మేనమామకూ, కోపంగా ఉన్న ఒకరిద్దరు కుర్రాళ్లకూ, విడిగా. ‘క్షయ’ అని ఒక్క మాట అనేసి ఊరుకోకూడదు. ఎన్ని నెలల నుంచి దగ్గు ఉంది, ఎప్పుడు మందులు మానేశాడు, చివరి వారం ఏం జరిగింది, ఇలా వరసగా చెప్పాలి. మధ్యలో ఒక్క ఖాళీ వదిలినా ఆ ఖాళీలోకి మంత్రగత్తె వస్తుంది. కారణం తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి. ఊహించి చెప్పిన రోగం తర్వాత తప్పని తేలితే ఆస్పత్రి మాట మళ్లీ ఎవరూ నమ్మరు.

ప్రార్థనలో మాటలు చూసుకోవాలి. ‘ఈ ఇంటి మీద పనిచేసిన చీకటి శక్తులను గద్దిస్తున్నాం’ అన్న వాక్యం చర్చిలో మామూలు వాక్యం. ఏడుపు పందిరి కింద అది పోస్టుమార్టం రిపోర్టు. ఎవరో చేశారని పాస్టరుగారే ఒప్పుకున్నట్టు. అంతకన్నా ఘోరం, నింద పడ్డ మనిషిని ముందుకు పిలిచి ఆమెలోని దురాత్మను వెళ్లగొడతాననడం. ఆమెను కాపాడుతున్నాననే అనుకుంటాడు ఆ పాస్టరు. ఊరికి మాత్రం తీర్పు అందింది. దురాత్మ పోయిందని ఆయన ప్రకటించినా, తర్వాతి చావుకు మొదటి పేరు ఆమెదే.

మామూలు రోజుల్లో పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్తగా వచ్చిన మిషనరీ కుతూహలంతో ‘ఇక్కడ మంత్రగాళ్లు ఎవరు’ అని అడగకూడదు. అడిగితే పేర్లు చెబుతారు. ఆ పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటే అవి తెల్లవాడి పుస్తకంలోకి ఎక్కాయని ఊరంతా తెలుస్తుంది. క్లినిక్‌లో తీసిన రక్తం, మలం నమూనాలు, కత్తిరించిన జుట్టు, కట్టు విప్పిన గుడ్డలు ఏమవుతున్నాయో రోగికి కనపడాలి. మనిషి వదిలిన వస్తువుతోనే పాయిజన్, అంటే చేతబడి, చేస్తారన్నది అక్కడి భయం. కాల్చేవి వాళ్ల ఎదుటే కాల్చాలి, ప్రయోగశాలకు పంపేవి ఎక్కడికి, ఎవరి చేతికి వెళ్తాయో చెప్పాలి. దీన్ని మూఢనమ్మకానికి లొంగిపోవడం అనుకునేవాళ్లున్నారు. రోగి రేపు మళ్లీ పరీక్షకు రావాలంటే ఇంతకన్నా చవకైన దారి లేదు.

డాక్టరు చెబితే చాలదా

చాలదు. దీనికి కురు వ్యాధి కన్నా మంచి సాక్ష్యం లేదు. తూర్పు కొండల్లో ఫోరే ప్రజల్లో 1950ల చివర ఏటా సుమారు 200 మంది వణుకుతూ, నవ్వుతూ, నడక పోయి చచ్చిపోయారు. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. చచ్చినవాళ్ల శరీరాన్ని బంధువులు తినే ఆచారం వల్ల, ముఖ్యంగా మెదడు వల్ల, అది వ్యాపించిందని తర్వాత తేలింది. ఫోరేలకు మాత్రం అది స్పష్టంగా చేతబడే. బాధితురాలు తిని వదిలిన ముక్కనో, జుట్టునో ఆకుల్లో మూటకట్టి బురదలో పూడ్చిపెడతారు, మూట కుళ్లేకొద్దీ మనిషి వణుకుతుంది అనుకునేవాళ్లు. మంత్రగాళ్లు అనుకున్న మగవాళ్లను చంపారు కూడా.

1957లో జిగాస్, గైడుసెక్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ రోగాన్ని వైద్యలోకానికి పరిచయం చేశారు. గైడుసెక్‌కు 1976లో నోబెల్ వచ్చింది. శవాలు తినడం 1950ల చివరికే దాదాపు ఆగిపోయింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు కురు రాలేదు. సైన్సు గెలిచినట్టే. కానీ ఊళ్లో నిలబడి చూడండి. వ్యాధి బయటపడటానికి కొందరిలో 50 ఏళ్లు పైనే పట్టింది. ఆచారం మానేసిన పదేళ్లకూ, ఇరవై ఏళ్లకూ, ముప్పై ఏళ్లకూ మనుషులు వణుకుతూనే చచ్చారు. ‘మీరు చెప్పినట్టే మానేశాం కదా, మరి మా అమ్మ ఎందుకు పోయింది’ అన్న కొడుక్కి ఏం చెప్తారు? కారణం నిజమే, ఆ నిజం పనిచేసే వేగం మాత్రం ఒక మనిషి శోకం కన్నా చాలా నెమ్మది. అందుకే వైద్యం చెప్పడంతో పాటు పక్కన కూర్చునే మనిషి కావాలంటున్నాను.

ఎదురు మాటలు

నా వాదనకు గట్టి అభ్యంతరం పెంతెకొస్తు సోదరుల నుంచి వస్తుంది. ‘మీరు శక్తి గురించి మాట్లాడరు, అందుకే జనం మీ దగ్గర ప్రార్థించి, తర్వాత మా దగ్గరకు వస్తారు’ అంటారు. నిజం. తనకు చేతబడి జరిగిందని నమ్మి తిండి మానేసి, మందు మింగక గోడవైపు తిరిగి పడుకున్న మనిషికి లూకా 13 వివరిస్తే లేవడు. భయంతో మనిషి శరీరం నిజంగా కుప్పకూలగలదని వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1942లోనే వాదించాడు. అలాంటివాడి మీద చేయి వేసి గట్టిగా ప్రార్థించడం, బంధువులను రప్పించి అతనితో కలిసి తినిపించడం, మందు ప్రార్థనతో పాటు తన చేత్తో ఇవ్వడం, ఇవన్నీ చేయాల్సిందే. నేను గీసే గీత ఒక్కటే. భయపడే మనిషి కోసం ఎంత శక్తితోనైనా ప్రార్థించండి. ఆ ప్రార్థనలో భయపెట్టిన మనిషి ప్రస్తావన ఉండకూడదు.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బయటి మనిషి ఎప్పుడో వెళ్లిపోతాడు, నింద పడ్డ మనిషి అక్కడే ఉంటుంది, కాబట్టి మిషనరీ జోక్యం ఆమెను ఇంకా బలహీనం చేస్తుందని. కొంతవరకు ఒప్పుకుంటాను. 2017లో ఎంగాలో ఆరేళ్ల పాపను ఊరివాళ్లు హింసిస్తుంటే లూథరన్ మిషనరీ ఆంటన్ లట్జ్ వెళ్లి బయటకు తెచ్చాడు. 2013లో మౌంట్ హాగెన్‌లో కాలిపోయిన తల్లి కూతురే ఆ పాప. తల్లి మీద నింద కూతురికి వారసత్వంగా వచ్చింది. ఆ ప్రాణం దక్కింది. కానీ అలా బయటపడ్డవాళ్లు సొంత ఊరికి తిరిగి వెళ్లడం అరుదు. తోట పోతుంది, ఇల్లు పోతుంది, పిల్లలకు ముద్ర మిగులుతుంది. అదే కొండ ప్రాంతాల్లోని మెండి పట్టణంలో దశాబ్దాలుగా ఉంటున్న స్విస్ సిస్టర్ లొరేనా యెనాల్ లాంటివాళ్లు ఆశ్రయం ఇవ్వడంతో సరిపెట్టకుండా రెండు వంశాల మధ్య నెలల తరబడి మాటలు నడపాల్సి వస్తోంది.

అందుకే తప్పించడం ఎంత ముందు జరిగితే అంత మంచిది. పేరు గుసగుసల్లో ఉండగానే ఆమెను పిల్లలతో సహా పుట్టింటికి ‘చూడటానికి’ పంపించేయాలి. మిషన్ బండిలో పగలు తీసుకెళ్తే నేరం ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. అన్నదమ్ములు వచ్చి తీసుకెళ్తే మామూలు ప్రయాణం. గుంపు చేరాక గుంపుతో మాట్లాడి లాభం లేదు, చచ్చినవాడి అన్నను పక్కకు తీసుకెళ్లి మాట్లాడాలి. ఆయన వద్దంటే చాలాసార్లు ఆగుతుంది, ఆయన మౌనంగా ఉంటే ఆగదు. గాయాలతో బయటపడితే మూడు గంటల లోపు కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోయాలి. ఐసు వద్దు, నూనె వద్దు, పసర్లు వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించాలి. ఏ గాయం ఎక్కడ, ఎంత, ఏ తేదీన చూశారో ఆరోగ్య కార్యకర్త చేత రాయించి ఒక నకలు ఆ ఊళ్లో కాకుండా వేరేచోట ఉంచాలి. కేసులు నిలబడకపోవడానికి కారణం చాలాసార్లు ఈ కాగితం లేకపోవడమే. సాక్షులు భయపడి వెనక్కి తగ్గినా కాగితం తగ్గదు.

చర్చి ఈ దారిలో ఇంతకు ముందు నడిచింది. స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతపు మంత్రగత్తెల కేసుల్లో 1610లో మనుషులను కాల్చాక, విచారణాధికారుల్లో ఒకడైన సలజార్ 1611లో ఊరూరా తిరిగాడు. ఒప్పుకోళ్లు పోల్చి చూశాడు, మంత్రపు లేపనాలను జంతువుల మీద పరీక్షించాడు. వాటి గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యే దాకా అక్కడ మంత్రగత్తెలూ లేరు, చేతబడి తగిలినవాళ్లూ లేరని నివేదించాడు. 1631లో జర్మనీలో ఫ్రీడ్రిష్ స్పే అనే జెసూయిట్ ఫాదరు తన పేరు లేకుండా ఒక పుస్తకం అచ్చువేయించాడు. మనమంతా మంత్రగాళ్లమని ఇంకా ఒప్పుకోలేదంటే, మనకింకా ఆ చిత్రహింస తగల్లేదు కాబట్టేనన్నది అందులో ఆయన వాదన. ఇద్దరిలో ఎవరూ దయ్యాలు లేవనలేదు. నేరం ఒప్పించే పద్ధతిని పట్టుకున్నారు. అదే నన్ను ఆకట్టుకునేది.

పాపువా న్యూ గినీ చట్టం కూడా నెమ్మదిగా అటే వచ్చింది. 1971 నాటి చేతబడి చట్టం చెడ్డ చేతబడిని నేరమంది. పైగా చేతబడి వల్ల రెచ్చిపోయి చంపానని హంతకుడు చెప్పుకునే వీలూ ఇచ్చింది. 2013లో దాన్ని రద్దు చేసి, చేతబడి నిందతో చంపడాన్ని ఉద్దేశపూర్వక హత్యగా చేర్చారు. 2022లో గ్లాస్‌మన్ పనినే నేరం చేశారు. పేరు చెప్పేవాడి దాకా చట్టం చేరడానికి అన్నేళ్లు పట్టింది.

ఆ చివరి సవరణ దగ్గరే చర్చిల అసలు పరీక్ష. డబ్బు తీసుకుని పేరు చెప్పేవాళ్లు అంజనం వాళ్లు మాత్రమే కాదు. ‘ప్రభువు చూపించాడు’ అని పేరు చెప్పే పాస్టర్లూ, ప్రార్థన గుంపుల ప్రవక్తలూ ఉన్నారు. సంఘంలో హోదా ఉన్నంత మాత్రాన వాళ్లకు ఆ చట్టం వర్తించకుండా పోదు. కొండమీద పోలీసు స్టేషన్ ఒక రోజు నడక దూరంలో ఉండొచ్చు, బండిలో డీజిల్ ఉండకపోవచ్చు. పాస్టరును నియమించిన మిషన్ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం రావడానికి ఆ ఇబ్బందులేవీ లేవు. ఏడుపు పందిరి కింద పేరు చెప్పినవాడికి ఆ వారమే ప్రసంగ వేదికా, జీతమూ, బిరుదూ మూడూ ఆపేస్తామని మిషన్లు ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి.